అనంతపురంలో మిద్దె తోటకు నీళ్లు: డ్రిప్ టైమరా, మట్టికుండా?

మిద్దెక్క: మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అలాంటి చోట మిద్దె మీద టమాటా, గోంగూర పండాలంటే డ్రిప్, టైమర్, తేమ సెన్సర్ ఉండాల్సిందే. ఎరువు మాత్రం జీవామృతమే. పాతది, కొత్తది కలిపితేనే పంట నిలబడుతుంది.

పాతూరు అన్న: టైమర్ ఎందుకమ్మా? కాల్చిన మట్టికుండను మూతిదాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. మట్టి ఆరేకొద్దీ నీరు దానంతటదే ఊరుతుంది. కరెంటు పనే లేదు. మన బోరు నీళ్లకు డ్రిప్ రంధ్రాలు తెల్లగా గార పట్టి మూసుకుపోతాయి.

మిద్దెక్క: అదే గార కుండకూ పడుతుందన్నా. డ్రిప్పర్ అయితే విప్పి వెనిగర్‌లో నానబెట్టుకోవచ్చు. పాతిన కుండను మొక్క వేర్లు తెగకుండా పైకి తీయగలమా?

కొత్త తోటమాలి: జీవామృతం కొలత 200 లీటర్లకు చెబుతారు. నాకున్నవి నాలుగు కుండీలు.

మిద్దెక్క: 20 లీటర్ల నీళ్లకు కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, గుప్పెడు మంచి మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, పూటపూటా కలియబెట్టండి. వడకట్టకుండా డ్రిప్‌లో పోయొద్దు.

కింది వాటా: మా పైవాళ్లదీ ఇలాంటి తోటే. మా పడకగది స్లాబుకు చెమ్మ దిగి సున్నం పెచ్చులుగా రాలుతోంది. ఎండాకాలం ట్యాంకర్ డబ్బులు అందరం సమానంగా కడతాం, నీళ్లు మాత్రం వాళ్ల వంకాయలకు పోతాయి.

మిద్దెక్క: మీ ఇంటి గొడవ ఇక్కడెందుకండీ? చర్చ డ్రిప్ గురించి.

కింది వాటా: ఇంటి గొడవ కాదు, అసలు సంగతే ఇది! మీ టైమర్ ఎంత పొదుపు చేసినా, ఆ నీళ్లు ఎవరి వాటా నుంచి వస్తున్నాయో చెప్పరేం?

పాతూరు అన్న: కుండైనా డ్రిప్పైనా...

మిద్దెక్క: అన్నా, ఆగండి. మా మిద్దె 100 చదరపు మీటర్లు. 550 మిల్లీమీటర్ల వానంటే లెక్కకు 55,000 లీటర్లు. అది పట్టుకుంటే ఎవరి వాటా తీసుకున్నట్టు?

కింది వాటా: ఆ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు దాకానే పడుతుంది. ఏప్రిల్‌కు ఎక్కడ దాస్తారు? చివరికి తిప్పేది అందరి ట్యాంకు కుళాయే.

మిద్దెక్క: సరే, మిద్దె కుళాయికి విడిగా మీటరు పెట్టమనండి, నా నీళ్లకు నేనే కడతాను. కింద కార్లు కడిగే కుళాయికీ పెట్టాలి మరి.

కింది వాటా: పెట్టండి. మాకు కారు లేదు.