అరబీ పాత ఛందస్సును దాటించింది ఎవరు: నాజిక్ అల్ మలాయికానా, సయ్యాబా?

ఏటిఒడ్డు:
ఇరాక్ కవయిత్రి నాజిక్ అల్ మలాయికా (1923–2007) పేరెత్తగానే "అరబీ స్వేచ్ఛా ఛందస్సుకు ఆద్యురాలు" అంటారు. వెంటనే ఎవరో ఒకరు "కాదు, బద్ర్ షాకిర్ అల్ సయ్యాబ్" అంటారు. ఈయనా ఇరాక్ కవే. నా ఓటు నాజిక్‌కే. 1947లో ఈజిప్టులో కలరా ప్రబలినప్పుడు బాగ్దాద్‌లో కూర్చుని మృతుల లెక్కలు రేడియోలో విని "కలరా" అనే కవిత రాసింది. పాత పద్ధతిలో రెండుసార్లు రాసి చూసినా మనసులో ఉన్నది కాగితం మీదికి రాలేదట. శవాల బళ్లు లాగే గుర్రాల డెక్కల చప్పుడు పట్టుకోవాలనుకుంది. దానికి సమాన పాదాలు సరిపోలేదు. ఇంట్లో చూపిస్తే తండ్రి ఎగతాళి చేశాడు. తల్లీ కవయిత్రే, ఆవిడా మెచ్చుకోలేదు. ఈ కవిత అరబీ కవిత్వం దారి మార్చేస్తుందని అప్పుడే నాజిక్ తెగేసి చెప్పిందట!

మాత్రలలెక్క:
ఇది మన వచన కవిత లాంటిది కాదండోయ్. పాత పద్యంలో ఒక్కో బైత్‌కు (అంటే పద్యపంక్తికి) రెండు సమానమైన సగాలు, పద్యం పొడుగునా ఒకటే అంత్యప్రాస. ఈవిడ గణాన్ని అలాగే ఉంచి, పాదానికి ఎన్ని గణాలన్నది మాత్రం భావానికి వదిలేసింది. మాత్రాఛందస్సులో గేయాలు చదివిన చెవికి ఇది కొత్తగా ఉండదు.

నల్లసిరా:
బాగుంది గానీ, సయ్యాబ్ "అది ప్రేమేనా?" కవిత కింద 1946 నవంబరు 29 అని తేదీ ఉంది. "కలరా" 1947 అక్టోబరు 27. ఇంకేం కావాలి?

ఏటిఒడ్డు:
కవి తన కవిత కింద వేసుకున్న తేదీతో తీర్పు చెప్పేస్తారా? అచ్చు చూడండి. "కలరా" వేసిన బేరూత్ పత్రిక 1947 డిసెంబరు మొదట్లోనే బాగ్దాద్ చేరింది. సయ్యాబ్ "వాడిన పూలు" సంపుటి వచ్చింది ఆ నెల రెండో సగంలో అని నాజిక్ మాట.

నల్లసిరా:
ఆ మాటా ఆవిడదే కదా! అయినా ఇద్దరికన్నా ముందే అలీ అహ్మద్ బాకసీర్ అని ఒకాయన ఉన్నాడు. 1930ల్లోనే షేక్‌స్పియర్ నాటకాన్ని ఇదే పద్ధతిలో అనువదించాడు. సయ్యాబ్ ఆయనకు పెద్దరికం ఇచ్చాడు. నాజిక్ మాత్రం 1962లో రాసిన పుస్తకంలో ఈ ఉద్యమం 1947లో ఇరాక్‌లో, తన కవితతోనే మొదలైందని రాసేసింది.

గూటిపిట్ట:
మగకవి అయితే ఇంత కూపీ లాగేవారా?

నల్లసిరా:
లాగేవాళ్లమే. సయ్యాబ్ తేదీల మీదా తగువులున్నాయి. పైగా నాజిక్ తర్వాతి ముద్రణకు ముందుమాట రాస్తూ, 1947కు ముందే ఇలాంటి కవిత్వం వచ్చిందని పుస్తకం రాసినప్పుడు తనకు తెలియదని ఒప్పుకుంది. ఆ మాట ఎవరూ ఎత్తరేం?

ఏటిఒడ్డు:
ఎత్తాలి, నిజమే. కానీ ఎక్కడో ఒకరు రాసి ఊరుకుంటే అది ఉద్యమం కాదు. 1949లో "నిప్పురవ్వలు, బూడిద" సంపుటి ముందుమాటలో ఆవిడ కొత్త పద్ధతి ఏమిటో, ఎందుకో వివరించింది. మిగతా కవులను రమ్మంది, తిట్లు తింది. నేను లెక్కలోకి తీసుకునేది అదే.

మాత్రలలెక్క:
అయితే అది సిద్ధాంతకర్తకు దక్కే కీర్తి. కవిత్వంలో ఆ రూపం పండింది సయ్యాబ్ "వాన పాట"లోనే. నాజిక్ ఏమో "జాబిల్లి చెట్టు" (1968) ముందుమాటలో ఈ కెరటం త్వరలోనే ఆగిపోతుందని, కవులు పాత ఛందస్సుకే తిరిగొస్తారని జోస్యం చెప్పింది. ఛందస్సు లేని గద్యకవితను కవిత్వమే కాదంది. తలుపు తీసిన మనిషే గడియ వెయ్యబోయింది!

గూటిపిట్ట:
మీరంతా గణాల దగ్గరే ఆగిపోయారు. పరువు పేరుతో ఆడపిల్లను చంపడం మీద 1949లోనే ఆవిడ రాసిన కవితను చదవండి. చంపినవాడు తాగుడు దుకాణంలో గొప్పలు చెప్పుకుంటాడు. వీధిలో ఆడవాళ్లు బెదిరిపోతారు. ఆ కవిత ఎవరికంటే ముందో ఎవరికంటే వెనకో అని నేనైతే అడగను.

నల్లసిరా:
ఆ కవిత గొప్పదే, ఒప్పుకుంటా. బాకసీర్ సంగతి మాత్రం ఏటిఒడ్డు గారు ఇంకా తేల్చలేదు.