గీజర్‌లో సున్నం: నిమ్మ ఉప్పా, యాసిడా?

కొత్తపేట కాపురం: విజయనగరంలో అద్దెకుంటున్నాం. బోరు నీళ్ళు. గీజర్ వేడెక్కడానికి ఇదివరకటికన్నా చాలాసేపు పడుతోంది, లోపల టకటకమని చప్పుడు. మెకానిక్ యాసిడ్ పోసి కడుగుతానంటున్నాడు. పోయించవచ్చా?

కోట జంక్షన్: పోయించేయండి. మా బిల్డింగులో అన్ని పోర్షన్లకీ అదే చేయిస్తాను. బుసబుసా పొంగి సున్నమంతా పోతుంది.

కరెంటు తీగ: వద్దండీ. బాత్రూములు కడిగే యాసిడ్ హైడ్రోక్లోరిక్. సున్నం అయిపోయాక అది ఊరుకోదు, ఎలిమెంటు రాగి తొడుగునీ స్టీలు ట్యాంకునీ పట్టుకుంటుంది. మెయిన్ ఆపి, నీళ్ళు వదిలేసి, ఎలిమెంటు విప్పి, గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి నానబెట్టండి. లీటరుకి రెండు మూడు చెంచాలు చాలు. వైర్లు తగిలించే పైభాగం మాత్రం తడవకూడదు.

కోట జంక్షన్: రాగి హైడ్రోక్లోరిక్‌లో కరగదని ఇంటర్‌లోనే చెప్పారు. మీరు ఏ కాలేజీ?

కరెంటు తీగ: గాలి తగలనప్పుడు కరగదు. గాలి తగిలితే నెమ్మదిగా తింటుంది. రాగి సంగతి వదిలేయండి, స్టీలుకి క్లోరైడ్ పడదు, సన్నగా చిల్లులు పడతాయి.

కోట జంక్షన్: రాగి గురించి అడిగాను, స్టీలు గురించి కాదు.

బొబ్బిలి మేడ: యాసిడ్‌లో బ్లీచింగ్ మాత్రం కలపకండి. క్లోరిన్ వస్తుంది.

చీపురుపల్లి రోడ్డు: నేను ఓ ఇంట్లో అద్దెకున్నప్పుడు ఓనరు పంపిన మనిషి యాసిడే పోశాడు. కొన్నాళ్ళకి ట్యాంకు కారింది. ఖాళీ చేసేటప్పుడు ఆ గీజర్ డబ్బులు నా అడ్వాన్సులో కోసేశారు! యాసిడ్ మంచిదనేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పండి.

కోట జంక్షన్: వాడింది మీరు. రోజంతా ఆన్‌లో పెట్టుకుంటే సున్నం కట్టక ఏమవుతుంది?

చీపురుపల్లి రోడ్డు: మేం రోజంతా పెట్టామని మీరు చూశారా?

కరెంటు తీగ: నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బొనేట్ వేడికి కార్బొనేట్‌గా మారి, అన్నిటికన్నా వేడిగా ఉండే ఎలిమెంటు మీదే పేరుకుంటుంది. వేడి ఎంత పెంచితే అంత ఎక్కువ. 60 డిగ్రీలు దాటనివ్వకండి. కానీ అసలు మూలం నీళ్ళే.

కోట జంక్షన్: నీళ్ళకేం? తాగే నీటికే కాఠిన్యం, అంటే కరిగి ఉన్న సున్నం లాంటి లవణాల లెక్క, లీటరుకి 600 మిల్లీగ్రాముల దాకా ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్ ఒప్పుకుంది. మా బోరు అంతకు లోపే.

కరెంటు తీగ: 200 దాకా అయితే సరే అంది. 600 అన్నది వేరే దారి లేనప్పుడు. పైగా అది తాగడానికి పెట్టిన లెక్క, గీజర్‌కి కాదు.

చీపురుపల్లి రోడ్డు: వేరే దారి లేదా? మునిసిపల్ కుళాయి కనెక్షన్ చాలా ఇళ్ళకి ఉంది. ఆ నీళ్ళు ఓనరు ఇంటికి, బోరు నీళ్ళు పై పోర్షన్లకి. అద్దెతో పాటు నీళ్ళకని నెలనెలా వేరే తీసుకుంటారు. గీజర్ పాడైతే మా వాడకం!

కోట జంక్షన్: కుళాయి వదిలేది కాసేపే. అందరి ట్యాంకులూ దాంతో నిండవు. పోర్షను పోర్షనుకీ ఎలిమెంటు విప్పి రాత్రంతా నానబెట్టడానికి మనిషిని ఎవరు పెడతారు? అందుకే యాసిడ్. కావాలంటే మీరే చేయించుకోండి.

చీపురుపల్లి రోడ్డు: అదీ సంగతి! యాసిడ్ మంచిదని కాదు, చౌక అని. ఆ మాట మొదటే అనొచ్చు కదా.

కోట జంక్షన్: ఇకమీద అగ్రిమెంటులోనే రాస్తాను, గీజర్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలని.

చీపురుపల్లి రోడ్డు: రాయండి. బోరు నీళ్ళిస్తున్నామని కూడా రాయండి.

కరెంటు తీగ: విప్పినప్పుడు మెగ్నీషియం రాడ్ కూడా చూడండి. ట్యాంకు తుప్పు పట్టకుండా ముందు అదే కరుగుతుంది. సన్నబడితే మార్చాలి. ఈ సంగతి ఓనర్లకీ చెప్పరు, అద్దెవాళ్ళకీ చెప్పరు.

కొత్తపేట కాపురం: నిమ్మ ఉప్పులో నానబెట్టాం, పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కానీ తిరిగి బిగించాక రబ్బరు వాషరు దగ్గర చెమ్మ వస్తోంది. కొత్తది వేయాలా?

బొబ్బిలి మేడ: వేయాలి. చెమ్మ ఆగేదాకా స్విచ్ వేయకండి.