గ్రీన్ హైడ్రోజన్ ఖర్చు, కాలుష్యం ఒకే లెక్కలో ఎలా చూపించాలి?

అందరికీ నమస్కారం. కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే ఎలక్ట్రోలైజర్‌తో తీసే హైడ్రోజన్ మీద ప్రాజెక్ట్ రిపోర్ట్ రాస్తున్నాను. ఖర్చెంత, పర్యావరణానికి మేలెంత అన్నవి రెండూ తేల్చాలి. అక్కడే చిక్కుకుపోయాను.

కిలో హైడ్రోజన్‌కి సుమారు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది. అది సోలార్ కరెంటు అయితే ఉద్గారాలు చాలా తక్కువ. అదే బొగ్గు కరెంటు అయితే, యూనిట్‌కి దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ చొప్పున 50 కిలోల దాకా పోతుంది. సహజవాయువు నుంచి తీసే పాత పద్ధతిలో వచ్చేది 9, 10 కిలోలే! ఎక్సెల్‌లో ఒక్క గడి మార్చగానే నా ఫలితం మొత్తం తలకిందులైంది. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

సోలార్ మీదే నడిపితే ప్లాంటు రోజుకి కొన్ని గంటలే పనిచేస్తుంది. పెట్టుబడంతా కొద్దిపాటి ఉత్పత్తి మీద పడి ధర పెరుగుతుంది. గ్రిడ్ కరెంటు కలిపితే ప్లాంటు ఎక్కువసేపు నడుస్తుంది కానీ కాలుష్యం పెరుగుతుంది.

గ్రిడ్ ఉద్గారాలకి ఏడాది సగటు తీసుకోవాలా, గంట గంటకీ విడిగా లెక్కించాలా? నాకైతే రెండోదే న్యాయం అనిపిస్తోంది. కిలో హైడ్రోజన్‌తో పాటు 8 కిలోల ఆక్సిజన్ కూడా వస్తుంది కదా, దాన్ని అమ్మకపోయినా ఉద్గారాల్లో వాటా దానికి వేయొచ్చా? రాబోయే ఏళ్ల ఖర్చుల్ని, రాబడిని ఇవాళ్టి విలువకి మార్చే డిస్కౌంట్ రేటు కూడా ఒకటే పెట్టాలా, రెండు మూడు పెట్టి చూపించాలా?

ఇలాంటి లెక్కలు స్వయంగా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, లెక్కలో ఏది కలపాలి, ఏది వదలాలి అన్నదానికి మీరు ఎక్కడ హద్దు గీశారో, ఎందుకు గీశారో దయచేసి చెప్పండి.