ఫార్ములా వన్‌లో టైర్ల లెక్క ఎవరైనా వివరిస్తారా?

2013లో వచ్చిన ‘రష్’ సినిమా చూసినప్పటి నుంచి ఫార్ములా వన్ పిచ్చి పట్టుకుంది. అందులో చూపించినట్టు 1976లో జేమ్స్ హంట్ అనే డ్రైవరు ఒకే ఒక్క పాయింటు తేడాతో ప్రత్యర్థి నికీ లౌడాను దాటి ఛాంపియన్ అయ్యాడట! ఇప్పుడు సీరియళ్లన్నీ అటకెక్కాయి, టీవీలో రేసులే.

ఎర్ర గీత ఉంటే సాఫ్ట్ టైరు, పసుపు అయితే మీడియం, తెలుపు హార్డ్. అంతవరకూ సరే. వెనకున్న కారు ముందుగా పిట్‌లోకి వెళ్లి టైర్లు మార్చుకుంటుంది. తర్వాత ముందున్న కారు కూడా మార్చుకుని బయటికి వచ్చేసరికి స్థానాలు తారుమారు. కొత్త టైర్ల పట్టు వల్లే అనుకుంటాను. మరి ఈ ఎత్తు ప్రతిసారీ ఎందుకు పారదు? కొన్ని రేసుల్లో ఆలస్యంగా ఆగినవాడే లాభపడుతున్నాడు. తెర మీద ఏ అంకెలు గమనిస్తే ముందే పసిగట్టవచ్చు? వ్యాఖ్యాతలేమో మనకు అన్నీ తెలుసన్నట్టు మాట్లాడేస్తారు. ఇది బాగా అర్థమయ్యే పాత రేసు ఒకటి చెప్పినా చాలు, మొత్తం కూర్చుని చూస్తాను.