మ్యూజియంలో మూకీ చిత్రాల ప్రదర్శన: అనుభవజ్ఞుల సలహా కావాలి

మేము కొందరం స్వచ్ఛందంగా పనిచేస్తున్న ఒక చిన్న కళా మ్యూజియంలో నెలకొక సాయంత్రం పాత సినిమా వేసి, ఆపైన చర్చ జరపాలని అనుకుంటున్నాము. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 1935లోనే ఫిల్మ్ లైబ్రరీని నెలకొల్పింది కనుక ఆలోచన కొత్తదేమీ కాదు. చిక్కంతా అమలులోనే ఉంది.

తొలి ప్రయత్నంగా ఒక మూకీ చిత్రం వేసినప్పుడు, తల్లి కొడుకును సాగనంపే ఘట్టంలో ఆమె చేయి ఈగలను తోలుతున్నట్టు టపటపా ఊగడంతో, కంటతడి పెట్టవలసిన చోట హాలంతా నవ్వింది. సెకనుకు 16, 18 ఫ్రేముల (విడివిడి బొమ్మల) చొప్పున తీసిన దృశ్యాన్ని 24 ఫ్రేముల వేగంతో నడిపితే అలాగే ఉంటుందని మాకు తరువాత తెలిసింది. అయితే ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు కాబట్టి ఒకే చిత్రంలోనూ వేగం మారుతూ ఉంటుంది. అటువంటప్పుడు సరైన వేగాన్ని దేనిని బట్టి నిర్ణయించాలి? నటుల నడకను చూసి అంచనా వేయడం సరిపోతుందా?

చిత్రానికి కాపీరైట్ గడువు తీరినా, దానికి కొత్తగా కూర్చిన సంగీతానికి హక్కులు విడిగా ఉండవచ్చు. అందుచేత ఆ ట్రాక్‌ను తీసేసి, ఒక వయొలిన్ కళాకారుని చేత ప్రత్యక్షంగా వాయింపజేయాలని (నాకైతే ఇదే నచ్చింది) చూస్తున్నాము. సాధన కోసం ఆయనకు చిత్రాన్ని ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి?

మరొక సందేహం. అదే గదిలో నీటిరంగుల చిత్రాలు ఉన్నాయి; రంగులు వెలిసిపోకుండా వాటిపై వెలుతురు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలమానం) మించకుండా చూస్తాము. చర్చ వేళ ప్రేక్షకుల ముఖాలు కనబడేలా దీపాలను ఎలా అమర్చాలో, ఇటువంటి గదిలో ప్రదర్శనలు నిర్వహించినవారు తెలుపగలరు.