సమస్య: "తూర్పు వాకిలి పడమటి దొడ్డి యయ్యె"

నిర్వాహకుడు: తేటగీతి పాదం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి. తాగినవాడి కళ్లకు తోచిందంటే ఒప్పుకోను, పోయినసారే ఆ ఉపాయం అరిగిపోయింది. ఇల్లు నిజంగానే తిరగాలి.

గోదారిగట్టు:
పొద్దుతిరుగుడు పూవలెఁ బొద్దు వెంట
నిటలి గిరిపైన గిర్రున నిల్లు దిరుగఁ
బొద్దు వాలిన వేళకుఁ బొంకముగను
తూర్పు వాకిలి పడమటి దొడ్డి యయ్యె.

ఇటలీలో వెరోనా దగ్గరి విల్లా జిరసోలే, తిరిగే ఇల్లు ఇది. ఆంజెలో ఇన్వెర్నిజ్జి అనే ఇంజనీరు కట్టుకున్నాడు, 1935కి పూర్తయింది. ఇటాలియన్‌లో జిరసోలే అంటే పొద్దుతిరుగుడే, మొదటి పాదం ఊరికే దొరికింది.

సివిల్ మాస్టారు: ఎత్తుగడ బాగుంది బాబూ. "గిర్రున" దగ్గరే నా పేచీ. అడుగు వ్యాసం 44 మీటర్ల పైచిలుకు. 3 గుండ్రటి పట్టాల మీద ఇంటిని మోసే 15 ట్రాలీలు సెకనుకు 4 మిల్లీమీటర్లు జరిగేలా కట్టారు, పూర్తి చుట్టుకు 9 గంటల 20 నిమిషాలు. లెక్కేశాను: 33,600 సెకన్లకు 134 మీటర్లు, చుట్టుకొలతకు దగ్గరగానే వచ్చింది. గడియారం చిన్నముల్లు కన్నా కాస్త చురుకు, అంతే. గ్లాసులో కాఫీ మీది మీగడైనా చెదరదు.

గోదారిగట్టు: సరే మాస్టారూ, "నిటలి గిరిపైన మెల్లగ నిల్లు దిరుగ". గణం చెడలేదు, పైగా మెల్ల, నిల్లు కలిశాయి.

పెరటిమామిడి:
జర్మనీయుని మేడలోఁ జలిదినాన
గాజు గోడలు సూర్యునిఁ గాంచుచుండు;
వేసవిని వీపుఁ జూపును వెలుగుదొరకు;
తూర్పు వాకిలి పడమటి దొడ్డి యయ్యె.

నిర్వాహకుడు: ఆర్కిటెక్ట్ రోల్ఫ్ డిష్ 1994లో ఫ్రైబుర్గ్‌లో కట్టిన తిరిగే ఇల్లు, హీలియోట్రోప్ కదూ! "వీపుఁ జూపును" ఒక్కటి చాలు, ఇల్లు మనిషైపోయింది.

అద్దెకొంప:
నీటి గొట్టము తెగకుండ నేర్పుతోడ
గదులు చక్రాలపై నెక్కి కదలిపోవ
వాస్తు పండితుఁ డేమని పలుకగలఁడు?
తూర్పు వాకిలి పడమటి దొడ్డి యయ్యె.

సివిల్ మాస్టారు: మూడో పాదానికి నవ్వాను. "నేర్పుతోడ" మాత్రం యతికి, అంటే పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరం కలవడానికి, పెట్టిన ఊతకర్ర. ఆ నేర్పేమిటో చెప్పాలిగా! నీళ్లు ఇల్లు తిరిగే ఇరుసు గుండా ఎక్కుతాయి. అక్కడ స్వివెల్ జాయింటు: కింది ముక్క కదలదు, పైది తిరుగుతుంది, మధ్యలో సీలు నీరు కారనివ్వదు. కరెంటుకైతే స్లిప్ రింగులు, అంటే తిరుగుతున్నా తాకిడి వదలని లోహపు వలయాలు; లేకపోతే నాలుగు చుట్లకే వైరు మెలికపడి తెగుతుంది.

అద్దెకొంప: అయితే "తెగకుండ నిరుసులోన" అంటే?

నిర్వాహకుడు: చెల్లదండీ. అక్కడి నకారం ద్రుతానిది, అంటే ముందు మాట చివర చేరే "న్"; యతికి మిగిలేది "ఇరుసు"లోని ఇకారమే. పాదం మొదటి "నీ"తో కలవదు.

అద్దెకొంప: జాయింటు కుదిరింది, యతి కుదరలేదు. రాత్రికి మళ్లీ వస్తా.