నిలబడగానే బీపీ పడిపోతోంది, నాడి మాత్రం పెరగడం లేదు

నాన్నగారికి 68 ఏళ్లు. పడుకోబెట్టి ఐదు నిమిషాలయ్యాక చూస్తే బీపీ 148/86, నాడి 68. నిలబడిన నిమిషానికి 118/72, మూడో నిమిషానికి 112/70. నాడి 73 దాటదు. కళ్లు బైర్లు కమ్మి, మెడ వెనక నుంచి భుజాల దాకా లాగేస్తుంది. పొద్దున లేవగానే, భోంచేసిన గంటలోపు మరీ ఎక్కువ.

పై బీపీ 36 పడితే మెడ ధమనుల్లో బీపీని పసిగట్టే బారోరిసెప్టర్లు (నరాల కొనలు) గుండె వేగాన్ని బాగా పెంచాలి. పెరిగింది 5 మాత్రమే, నా కలవరమంతా అదే. ఒంట్లో నీరు తగ్గి ఉంటే నాడి ఇంకా ఎగబాకేది. నాడి వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడటం లేదు. నిలబడితే బీపీ పడేలా చేయగల ప్రోస్టేట్ మందు టామ్సులోసిన్‌ను డాక్టరు ఆపించారు. లేచే ముందు అర లీటరు నీళ్లు, పొట్టకు బిగుతు బెల్టు, మంచం తలవైపు ఎత్తడం, ఏదీ సరిపోలేదు. షుగర్, సోడియం, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నాయి. రాత్రి బీపీ మందు టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. నడుస్తోంది.

ఈ మందు మార్చే ముందే వాల్సాల్వా (ఊపిరి బిగబట్టి గట్టిగా ఊదించి బీపీ, నాడి చూసే పరీక్ష) వంటి అటానమిక్ నరాల (బీపీ, నాడిని వాటంతటవే నడిపే నరాల) పరీక్షలు చేయించమని డాక్టరుగారిని అడగాలా?